ఎక్కించిన ఫైళ్ల కుదింపు: చారిత్రక నేపథ్యం – తెలుగు ప్రతుల పాఠవిశ్వసనీయత

వ్యాససంగ్రహం

వెబ్ అనువర్తనంలోకి ఎక్కించిన ఫైలు భద్రమయ్యే ముందు చాలాసార్లు కుదింపుకు లోనవుతుంది. ఆ కుదింపు పద్ధతులు వేర్వేరు కాలాల్లో, వేర్వేరు అవసరాల కోసం, ఇతర లిపుల నమూనాల మీద రూపొందాయి. వాటి పుట్టుకనూ, అవి వెబ్ నిల్వలోకి వచ్చిన తీరునూ ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తెలుగు గ్రంథాలను పుటల ప్రతిబింబాల రూపంలో చదివే పరిశోధకులకు కుదింపు కూడా పాఠసంక్రమణంలో ఒక దశేననీ, లేఖకదోషాలను లెక్కలోకి తీసుకున్నట్టే దీనినీ తీసుకోవాలనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఫైలు కుదింపు, అప్‌లోడ్, జేపెగ్, జేబిగ్2, డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా, గ్రంథపరిష్కరణ, పాఠభేదం.

1. ఉపోద్ఘాతం

వెబ్ పుట నుంచి చదువరి తన ఫైలును సర్వరుకు పంపే ఏర్పాటు మొదట్లో లేదు. పుటలోని పత్రంలో పేరు, చిరునామా వంటి అక్షరాలను మాత్రమే నింపి పంపగలిగేవారు. 1995 నవంబరులో ఇ. నెబెల్, ఎల్. మసింటర్ అనే ఇద్దరు జెరాక్స్ సంస్థ ఉద్యోగులు ఆర్.ఎఫ్.సి. 1867 అనే ప్రతిపాదన పత్రాన్ని వెలువరించారు. నేడు పరిశోధనపత్రాన్ని పత్రికకు పంపేటప్పుడూ, ఉద్యోగ దరఖాస్తుకు ఫొటో జతచేసేటప్పుడూ కనిపించే ‘ఫైలును ఎంచుకోండి’ అనే మీటకు మూలం ఆ పత్రమే.

ఫైళ్లను కుదించి పంపాలా అన్న ప్రశ్నను ఆ పత్రం చర్చించి, కావాలనే వదిలిపెట్టింది. ఏ ఫైలును కుదించాలో, దేనిని కుదించకూడదో బ్రౌజరు తనంతట తాను నిర్ణయించడం చాలా చిక్కైన పని అని రచయితలు భావించారు. అప్పటి మోడెములు తీగ మీద వెళ్లే సమాచారాన్ని ఎలాగూ కుదిస్తున్నాయి కాబట్టి ఈ స్థాయిలో మళ్లీ ఆ పని అవసరం కాకపోవచ్చని కూడా అన్నారు. ఆ కాలానికి అది వివేకవంతమైన నిర్ణయమే. ఫలితంగా కుదింపు బాధ్యత ప్రమాణం నుంచి జారి, ఫైలును అందుకునే ఒక్కొక్క అనువర్తన నిర్మాత చేతిలో పడింది. ఎంత కుదించాలి, ఏ పద్ధతిలో కుదించాలి, అసలు ఫైలును ఉంచాలా పారేయాలా అన్నవన్నీ అతని ఇష్టానికి, అతని నిల్వ ఖర్చుకు లోబడిపోయాయి.

ఆ నిర్మాత చేతికి అప్పటికే సిద్ధంగా దొరికిన పనిముట్లకు ఎవరి చరిత్ర వారిదే. తెలుగు సాహిత్య పరిశోధకుడికి ఆ చరిత్రతో ఏమి పని అన్న సందేహం సహజం. నేడు పాత తెలుగు పుస్తకాల్లో ఎక్కువ భాగాన్ని అతడు కాగితం మీద చదవడం లేదు, కుదించిన ప్రతిబింబాల్లో చదువుతున్నాడు. ఉదాహరించిన పాఠం పుస్తకానిదా, కుదింపుదా అన్న ప్రశ్నకు జవాబు ఈ చరిత్రలోనే దొరుకుతుంది.

2. నష్టరహిత కుదింపు

తక్కువ గుర్తులతో ఎక్కువ అర్థాన్ని నిలపడం కొత్త ఆలోచన కాదు. వ్యాకరణ సంప్రదాయంలో ‘అచ్’ అనగానే అచ్చులన్నీ, ‘హల్’ అనగానే హల్లులన్నీ స్ఫురిస్తాయి. అక్షరసమామ్నాయం చెప్పేవానికీ వినేవానికీ ఇద్దరికీ తెలిసి ఉండటమే అందుకు ఆధారం. పట్టిక ఇద్దరి దగ్గరా ఉంటే చిన్న సంకేతం చాలు, విప్పినప్పుడు ఏదీ పోదు. నష్టరహిత కుదింపు సూత్రం కూడా ఇదే. అయితే సూత్రకారుని లాఘవం అర్థాన్ని బట్టి నడుస్తుంది, యంత్రం లాఘవం ఆవృత్తిని బట్టి నడుస్తుంది. ఈ పోలికను అంతకుమించి సాగదీయడం తగదు.

టెలిగ్రాఫు కాలంలోనే ఆవృత్తి సూత్రం ఆచరణలోకి వచ్చింది. మోర్స్ సంకేతాల్లో ఇంగ్లీషులో అతి తరచుగా వచ్చే ‘ఇ’ అక్షరానికి ఒకే చుక్క, అరుదైన అక్షరాలకు పొడవైన వరసలు. 1948లో క్లాడ్ షానన్ ఈ అనుభవజ్ఞానానికి గణిత పునాది వేశాడు. ఒక సందేశాన్ని ఏ మేరకు కుదించవచ్చో, ఏ హద్దు దాటి కుదించలేమో ఆయన సిద్ధాంతం తేల్చింది. ఆ హద్దుకు చేరువయ్యే ఉత్తమ సంకేతాన్ని కట్టే ఉపాయం మాత్రం ఆయనకూ, ఎం.ఐ.టి.లోని రాబర్ట్ ఫానోకూ పూర్తిగా చిక్కలేదు. 1951లో ఫానో తన తరగతిలోని విద్యార్థులకు చివరి పరీక్షకు బదులు ఒక వ్యాసం రాసే అవకాశం ఇచ్చి, అదే సమస్యను వారి ముందు ఉంచాడు. డేవిడ్ హఫ్‌మన్ అనే విద్యార్థి విసిగి వదిలేయబోతున్న దశలో దానిని ఛేదించాడు. గురువు చెట్టును పైనుంచి కిందికి కట్టబోగా, శిష్యుడు అతి అరుదైన గుర్తులను జతచేస్తూ కింది నుంచి పైకి కట్టాడు. 1952లో ఆ వ్యాసం అచ్చయింది. నేటికీ జిప్ ఫైలులోనూ, సాధారణ జేపెగ్ చిత్రంలోనూ హఫ్‌మన్ సంకేతాలే పనిచేస్తున్నాయి.

తరువాతి మలుపు ఇజ్రాయెల్‌లోని హైఫాలో వచ్చింది. అబ్రహాం లెంపెల్, జాకబ్ జివ్ 1977, 1978లలో ప్రచురించిన రెండు వ్యాసాల్లో, ఇంతకుముందు వచ్చిన పదబంధమే మళ్లీ వస్తే దానిని తిరిగి రాయకుండా వెనకటి చోటును సూచించే పద్ధతిని చూపారు. పట్టికను ముందుగా పంచుకోనక్కర లేదు, పాఠమే తన పట్టికను తయారుచేసుకుంటుంది. 1984లో టెరీ వెల్చ్ దీనిని సులభం చేశాడు. 1987లో కంప్యుసర్వ్ సంస్థ జిఫ్ చిత్రాల్లో ఆ పద్ధతిని వాడింది. దాని మీద పేటెంటు ఉన్న యూనిసిస్ 1994 చివరలో రుసుము అడగడంతో, స్వేచ్ఛగా వాడుకోదగిన పి.ఎన్.జి. రూపం పుట్టింది. ఇదే దశకంలో ఫిల్ కాట్జ్ జిప్ పద్ధతి నుంచి వచ్చిన ‘డిఫ్లేట్’ 1996లో ఆర్.ఎఫ్.సి. 1951గా నమోదై, జీజిప్‌లోనూ, పి.ఎన్.జి.లోనూ, పి.డి.ఎఫ్.లోనూ చేరింది.

తెలుగు పాఠానికి ఈ కుటుంబం మేలే చేసింది. 1991 నాటి ఇస్కీ ప్రమాణంలో తెలుగు వర్ణానికి ఒక బైటు సరిపోయేది. యూనికోడ్‌ను నిలవచేసే యు.టి.ఎఫ్.-8లో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు కావాలి. ‘తెలుగు’ అన్న మాటలో హల్లులు మూడు, గుణింతపు గుర్తులు మూడు, మొత్తం 6 సంకేతాలు, 18 బైట్లు. తెలుగుకు మూడింతల చోటు పడుతుందన్న ఫిర్యాదు కొంతవరకు నిజమే. కాని ఆ మూడింటిలో మొదటి బైటు అన్ని తెలుగు సంకేతాలకూ ఒకటే, రెండో బైటుకు రెండే విలువలు. ఇంతగా పునరుక్తమయ్యే సమాచారాన్ని డిఫ్లేట్ దాదాపు పిండేస్తుంది. విప్పినప్పుడు అరసున్న కూడా చెదరదు.

రెండు హద్దులు గుర్తుంచుకోవాలి. ఏ నష్టరహిత పద్ధతీ అన్ని ఫైళ్లనూ చిన్నవి చేయలేదు. కొన్ని చిన్నవైతే మరికొన్ని తప్పక పెద్దవవుతాయి, ఇది లెక్క తేల్చిన విషయం. పైగా నేటి వర్డ్ పత్రం లోపల ఉన్నదే జిప్ మూట కాబట్టి దానిని మళ్లీ కుదిస్తే మిగిలేది ఏమీ ఉండదు. ఎక్కించిన ప్రతి ఫైలునూ గుడ్డిగా జిప్ చేసే అనువర్తనం సర్వరు శ్రమను మాత్రమే పెంచుతుంది.

3. నష్టసహిత కుదింపు: జేపెగ్

ఛాయాచిత్రాల దగ్గర నష్టరహిత పద్ధతులు చతికిలపడ్డాయి. ఆకాశం నీలిమలో పక్కపక్క చుక్కలు రెండూ ఒకేలా కనిపిస్తాయి గాని అంకెల్లో ఒకటి కావు, కాబట్టి పునరుక్తి దొరకదు. ఇక్కడ కావలసింది కన్ను పట్టించుకోని దానిని వదిలేసే ఉపాయం. దానికి గణితం సమకూర్చినవారిలో దక్షిణ భారతీయుల పాత్ర ప్రధానమైనది. బెంగుళూరులో పుట్టి, అమెరికాలోని కాన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన నసీర్ అహ్మద్ 1972లో కొసైన్ రూపాంతరం మీద పరిశోధనకు అమెరికా జాతీయ విజ్ఞాన సంస్థను నిధులు కోరాడు. ఆలోచన మరీ సరళంగా ఉందన్న అభిప్రాయంతో ప్రతిపాదన తిరస్కృతమైంది. నిధులు లేకుండానే పని సాగించి, 1974 జనవరిలో టి. నటరాజన్, కె. ఆర్. రావులతో కలిసి నాలుగు పుటల వ్యాసంగా ప్రచురించాడు. ఈ రావు పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. ఆయన టెక్సాస్ విశ్వవిద్యాలయపు ఆర్లింగ్టన్ శాఖలో దీర్ఘకాలం ఆచార్యులుగా ఉండి 2021 జనవరిలో మరణించారు.

1992లో ఆమోదం పొందిన జేపెగ్ ప్రమాణం ఈ రూపాంతరం మీదే నిలిచింది. చిత్రాన్ని 8×8 చుక్కల గళ్లుగా కోస్తుంది. ఒక్కొక్క గడిలోని 64 విలువలను నిదానమైన మార్పులుగా, చురుకైన మార్పులుగా విడదీస్తుంది. తరువాత ఒక పట్టికలోని అంకెలతో వాటిని భాగించి దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తుంది. ప్రమాణంలో ఉదాహరణగా ఇచ్చిన పట్టికలో నిదానమైన అంశానికి భాజకం 16, అతి చురుకైన దానికి 99. అంటే సన్నని, పదునైన వివరం సున్నా అయిపోయే అవకాశం ఎక్కువ. పోయేది ఈ భాగహారంలోనే, మిగిలిన మెట్లన్నీ తిరిగి ఎక్కదగినవే.

‘అవిచ్ఛిన్న వర్ణచ్ఛాయలు గల నిశ్చల చిత్రాల’ కోసం అని ప్రమాణం తన శీర్షికలోనే చెప్పుకుంది. ముఖాలకూ, తోటలకూ అది సరిపోతుంది. అచ్చు పుట స్వభావం దానికి నేరుగా వ్యతిరేకం. తెల్లని కాగితం మీద నల్లని అక్షరం అంచు దగ్గర మార్పు ఒక్కసారిగా జరుగుతుంది, చురుకైన అంశాలన్నీ అక్కడే ఉంటాయి. వాటిని వదిలేసినప్పుడు అక్షరం చుట్టూ బూడిదరంగు నుసి లేస్తుంది. ఒకసారి కుదించిన చిత్రాన్ని కత్తిరించి మళ్లీ జేపెగ్‌గా భద్రపరిస్తే, గళ్లు కొత్త చోట పడి మరికొంత పోతుంది. ప్రతికి ప్రతి రాసేకొద్దీ దోషాలు పెరగడం తాళపత్ర పరిశోధకులకు కొత్త సంగతి కాదు.

4. భద్రపరిచే చోట

2000 తరువాత ఫొటోలు ఎక్కించడం జనసామాన్యానికి అలవాటైంది. 2010లో ఫేస్‌బుక్ ఇంజినీర్లు ప్రచురించిన వ్యాసం ప్రకారం ఆ సంస్థ దగ్గర 26,000 కోట్లకు పైగా చిత్రాలు, 20 పెటాబైట్లకు మించిన నిల్వ ఉన్నాయి. ఎక్కించిన ఒక్కొక్క ఫొటో నుంచి నాలుగు పరిమాణాల చిత్రాలు తయారయ్యేవి. వారానికి 100 కోట్ల కొత్త ఫొటోలు, సుమారు 60 టెరాబైట్లు అని అదే వ్యాసం చెప్పింది. భాగిస్తే ఫొటోకు 60 కిలోబైట్లు. మిత్రుల ముఖాలు గుర్తుపట్టడానికి అది చాలు. శాసనం ఫొటోను అదే దారిలో పంచుకున్న చరిత్రకారుడికి చాలదు.

2015లో గూగుల్ ఫొటోస్ పరిమితి లేని ఉచిత నిల్వను ఇచ్చింది. షరతు ఏమిటంటే చిత్రాన్ని తిరిగి కుదిస్తారు, 16 మెగాపిక్సెళ్లకు మించితే తగ్గిస్తారు. ఆ ఎంపికకు పెట్టిన పేరు ‘హై క్వాలిటీ’. 2021 జూన్‌లో ఉచితం ముగిసినప్పుడు పేరును కూడా ‘స్టోరేజ్ సేవర్’గా మార్చారు. రెండో పేరు మొదటి దానికన్నా నిజాయితీగలది. వాట్సాప్‌లో ఫొటోగా పంపినది కుదింపుకు లోనవుతుంది, పత్రంగా జతచేసినది కాదు. తాళపత్రాల ఫొటోలు ఇచ్చిపుచ్చుకునే పరిశోధక బృందాల్లో ఈ తేడా తెలియకపోవడం వల్ల జరిగే నష్టం చిన్నది కాదు.

ప్రభుత్వోద్యోగాల, ప్రవేశ పరీక్షల దరఖాస్తుల్లో మరొక మార్గం స్థిరపడింది. అక్కడ సర్వరు కుదించదు, ఫొటో ఇన్ని కిలోబైట్లకు లోబడితేనే తీసుకుంటుంది. కుదింపు బాధ్యత దరఖాస్తుదారుడిది, లేదా అతడు ఆశ్రయించే మీసేవ, నెట్ సెంటరు నిర్వాహకుడిది.

నిల్వ ఖర్చు తగ్గించుకోవడానికి నష్టం తప్పదన్న వాదనకు 2016లో డ్రాప్‌బాక్స్ బయటపెట్టిన ‘లెప్టన్’ గట్టి సమాధానం. అది చదువరి ఎక్కించిన జేపెగ్ ఫైలులోని హఫ్‌మన్ పొరను మాత్రమే తీసి, మరింత పొదుపైన అంకగణిత సంకేతాన్ని పెడుతుంది. అడిగినప్పుడు అసలు ఫైలును బైటుకు బైటు తిరిగి ఇస్తుంది. పొదుపు సుమారు 22 శాతం. 2017 ఫిబ్రవరి నాటికి 203 పెబీబైట్ల చిత్రాలను కుదించి 46 పెబీబైట్లకు పైగా మిగిల్చినట్టు నిర్మాతలు ప్రకటించారు. దాని నిర్మాణంలో గమనార్హమైన క్రమం ఒకటి ఉంది. కుదించిన దానిని అక్కడికక్కడే విప్పి, అసలుతో సరిపోలితేనే నిల్వకు స్వీకరిస్తారు. ప్రతి రాసిన తరువాత మాతృకతో ఒప్పుచూసుకునే పాత ఆచారానికి ఇది సమానం. చిన్న సంస్థలు లెప్టన్ వంటిది నిర్మించుకోలేకపోవచ్చు, ఒప్పుచూసుకోవడానికి మాత్రం పెద్ద ఖర్చు లేదు.

5. ఫ్యాక్స్ నుంచి గ్రంథాలయానికి

నలుపు-తెలుపు పుటల కుదింపుకు వేరే వంశం ఉంది. అది ఫ్యాక్స్ యంత్రం నుంచి వచ్చింది. 1980లో అంతర్జాతీయ టెలిగ్రాఫ్-టెలిఫోన్ సలహా సంఘం మూడో తరగతి ఫ్యాక్స్ ప్రమాణాన్ని నిర్ణయించింది. ఒక వరసలో వెంటవెంట ఎన్ని తెల్లచుక్కలు, తరువాత ఎన్ని నల్లచుక్కలు అన్నదే అందులో సంకేతం. ఏ పొడవుకు ఎంత చిన్న సంకేతం ఇవ్వాలో తేల్చడానికి ఎనిమిది నమూనా పత్రాలను కొలిచారు. వాటిలో ఇంగ్లీషు ఉత్తరం, ఫ్రెంచి పాఠం, విద్యుత్ వలయాల పటం, జపనీయ లిపి, చేతిరాత చీటీ వంటివి ఉన్నాయి. భారతీయ లిపి ఒక్కటీ లేదు. నష్టరహిత పద్ధతి కావడం వల్ల దీనితో తెలుగు పాఠానికి ప్రమాదమేమీ కలగలేదు. గుండ్రని మలుపులు, చిన్న ఒత్తులు నిండిన పుట కొంచెం ఎక్కువ చోటు తీసుకుంటుంది, అంతే. అయినా కొలబద్ద తయారైన చోట తెలుగు లేదన్న సంగతి ఇక్కడి నుంచే మొదలవుతుంది. 1984 నాటి నాలుగో తరగతి ప్రమాణం పై వరసతో కింది వరసను పోల్చి తేడాను మాత్రమే నమోదు చేసింది.

ఈ నాలుగో తరగతి కుదింపే తెలుగు పుస్తకాల గతిని నిర్ణయించింది. చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించి, 1994లో ట్యూరింగ్ పురస్కారం పొందిన రాజ్ రెడ్డి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి పదిలక్షల పుస్తకాల పథకాన్ని నడిపారు. భారతదేశంలో అది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా రూపం దాల్చింది. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ అందులో ముఖ్య కేంద్రాలు. పుటలను అంగుళానికి 600 చుక్కల చొప్పున, నలుపు-తెలుపుల్లో స్కాన్ చేసి, నాలుగో తరగతి కుదింపుతో టిఫ్ ఫైళ్లుగా భద్రపరిచారు.

ఆ ఎంపిక వెనుక ఉన్న లెక్కను తేలికగా కొట్టిపారేయకూడదు. ఏ4 పుట 600 చుక్కల చొప్పున 4,960×7,016 పిక్సెళ్లు. పూర్తి రంగుల్లో అయితే 100 మెగాబైట్లకు పైమాటే. నలుపు-తెలుపు అయితే కుదించకముందే 4.35 మెగాబైట్లు, 300 పుటల పుస్తకం 1.3 గిగాబైట్లు. నాలుగో తరగతి కుదింపు దానిని ఎన్నో రెట్లు తగ్గిస్తుంది. ఆనాటి నిల్వ ధరల్లో లక్షల పుస్తకాలకు ఇది తప్ప వేరు దారి ఉండేది కాదు. ఆ పని జరగకపోతే నేడు అనేక తెలుగు పుస్తకాలు ఏ రూపంలోనూ అందుబాటులో ఉండేవి కావు.

కుదింపు నష్టరహితమే అయినా, దానికి ముందు మెట్టు నష్టసహితమని గుర్తించాలి. బూడిదరంగులో కనిపించే ప్రతి చుక్కనూ నలుపో తెలుపో అని తేల్చేశారు. అరిగిన సీసపు అచ్చుతో, మాసిన కాగితం మీద ముద్రించిన పుస్తకంలో సన్నని గీత తెలుపులో కలిసిపోతుంది. వెనక పుట సిరా ఊరిన చోట కొత్త చుక్క పుడుతుంది. మరకలు తుడిచే ‘శుభ్రీకరణ’ తోడైతే చిన్న చుక్కలన్నీ మురికిగానే లెక్క. తెలుగు లిపిలో చుక్క మురికి కాదు. ‘ఠ’ను నిర్ణయించేది లోపలి చుక్క, ‘థ’ను ‘ధ’ నుంచి వేరుచేసేదీ చుక్కే. ప్రాచీన ముద్రణల్లోని అరసున్న కూడా అంత చిన్నదే.

6. ఊహించి రాసే వ్రాయసకాడు

ఇంతవరకు చెప్పిన పద్ధతులు పాఠాన్ని మసకబార్చగలవు గాని మార్చలేవు. మసక కనిపిస్తుంది, చదువరి జాగ్రత్తపడతాడు. 1990ల చివర ఏటీ అండ్ టీ ప్రయోగశాలల్లో రూపొందిన డెజావూ, 2000లో ప్రమాణమైన జేబిగ్2 వేరే దారి తొక్కాయి. పుటలోని నల్లని ఖండాలను విడదీసి, ఒకేలా ఉన్నవాటిని గుంపు కట్టి, గుంపుకు ఒక్క నమూనా ఆకారాన్ని మాత్రమే భద్రపరుస్తాయి. మిగిలిన చోట్ల ఆ నమూనా సంఖ్యనూ, స్థానాన్నీ రాస్తాయి. పుటలో 200 ‘న’కారాలుంటే బొమ్మ ఒక్కటే. ఒకే అచ్చును కేసు నుంచి తీసి పలుచోట్ల కూర్చే కంపోజిటరు పనిని యంత్రం వెనుక నుంచి ముందుకు చేస్తున్నట్టు. జేబిగ్2లో నష్టరహిత విధానం కూడా ఉంది. ప్రమాదమంతా ‘ఒకేలా ఉన్నవి’ అన్న తీర్పును వదులుగా పెట్టుకునే నష్టసహిత విధానంలో ఉంది. అక్కడ తప్పుగా గుంపులో పడిన అక్షరం మసకబారదు, మరో అక్షరమై స్ఫుటంగా కనిపిస్తుంది.

2013 ఆగస్టులో జర్మనీకి చెందిన డేవిడ్ క్రీజెల్ దీనికి తిరుగులేని నిదర్శనం చూపాడు. ఒక భవన నమూనా పటాన్ని జెరాక్స్ వర్క్‌సెంటర్ యంత్రం మీద స్కాన్ చేయగా మూడు గదుల వైశాల్యాలు 14.13, 21.11, 17.42 చదరపు మీటర్లుగా ఉండవలసినవి మూడూ 14.13గా వచ్చాయి. ఇతర పత్రాల్లో 6 అంకె 8గా మారింది. అది అక్షరాలను గుర్తించే ఓసీఆర్ పొరపాటు కాదు, ప్రతిబింబమే మారిపోయింది. జెరాక్స్ సంస్థ తరువాత సవరణ విడుదల చేసింది. ఫైలు ఎక్కింపు ప్రతిపాదన వచ్చినదీ అదే సంస్థ నుంచి కావడం కాకతాళీయం.

తెలుగు పుటల్లో ఈ పద్ధతి ఎలా నడుస్తుందో ఆలోచించడానికి హైదరాబాదు విశ్వవిద్యాలయంలో జరిగిన ఓసీఆర్ పరిశోధన ఆధారమిస్తుంది. అతుల్ నేగి, చక్రవర్తి భగవతి తదితరులు 2001లో ప్రచురించిన వ్యాసంలో తెలుగులో సుమారు 10,000 అక్షరాకారాలు ఉంటాయని అంచనా వేసి, వాటిని 370 విడి ఖండాల కూర్పుగా గుర్తించవచ్చని చూపారు. తలకట్టు, ఒత్తు చాలాచోట్ల అక్షరానికి అతకకుండా విడిగా ఉండటమే అందుకు వీలు. జేబిగ్2 కోసేది కూడా ఇలాంటి ఖండాలనే. అంటే తెలుగులో నిర్ణాయకమైన భేదం చాలాసార్లు అతి చిన్న ఖండం మీద, లేదా పెద్ద ఖండంలోని అతి చిన్న భాగం మీద ఆధారపడుతుంది. రోమను లిపిలో ‘సి’, ‘ఇ’ మధ్య ఉన్న ఇబ్బంది తెలుగులో ద-ధ, ప-ఫ, బ-భ, డ-ఢ జంటలన్నిటిలో ఉంది. గుడికీ గుడిదీర్ఘానికీ మధ్య తేడా ఒక చిన్న తోక. అంకెల్లో ౨, ౩ల భేదం కూడా సన్ననిదే.

ఈ మార్పులన్నీ ఒకే తీరుగా బయటపడవు. పద్యంలో గుడిదీర్ఘం గుడి అయితే గురువు లఘువై గణం చెడుతుంది, పరిష్కర్త వెంటనే పట్టుకుంటాడు. ‘ధాత’ ‘దాత’ అయితే గణం చెడదు. యతిస్థానంలో ఉన్నా తవర్గ సామ్యం వల్ల వర్గయతి కుదిరిపోతుంది. ప్రాసస్థానంలో ఉంటే మాత్రమే అనుమానం వస్తుంది. బ్రహ్మ దానకర్తగా మారినా పద్యం పద్యంగానే నిలుస్తుంది. వచనంలో ఆ పాటి కాపలా కూడా లేదు. వైద్యగ్రంథంలో ‘ఫలము’ ‘పలము’ అయితే పండు కాస్తా తూకం అవుతుంది, రెండూ ఆ సందర్భంలో పొసగేవే. ఇటువంటి చోట పాఠభేదమని పట్టికలో ఎక్కించే ముందు, ఆ భేదం ముద్రణదా యంత్రానిదా అని విచారించడం అవసరం.

7. ప్రతుల వంశవృక్షంలో కుదింపు

సి. పి. బ్రౌన్ కడపలో పండితులనూ వ్రాయసకాండ్రనూ నియమించుకొని, ఒక్కొక్క కావ్యానికి పలు ప్రతులు తెప్పించి, పోల్చి, శుద్ధప్రతులు రాయించాడు. ఏ ప్రతి ఏ ప్రతికి నకలో తెలియకుండా ప్రతుల సంఖ్యను చూసి పాఠాన్ని నిర్ణయించలేమన్నది అప్పటి నుంచి పరిష్కర్తలకు తెలిసిన విషయమే. వెబ్‌లో ఒకే పుస్తకానికి నాలుగు ఫైళ్లు కనిపిస్తే అవి నాలుగు సాక్ష్యాలు కావు. చాలావరకు అవి ఒకే స్కాన్‌కు నాలుగు కుదింపులు. అన్నిటిలోనూ ఒకే పాఠం ఉండటం ఆ పాఠానికి బలం చేకూర్చదు.

పి.డి.ఎఫ్. అన్న పేరు కుదింపు పద్ధతిని తెలపదు. అది సంచి మాత్రమే. అందులో ఫ్యాక్స్ నాలుగో తరగతి చిత్రమో, జేపెగ్ చిత్రమో ఉండవచ్చు. 2001 నాటి 1.4 సంచిక నుంచి జేబిగ్2, 2003 నాటి 1.5 సంచిక నుంచి జేపెగ్ 2000 కూడా ఉండవచ్చు. పాప్లర్ అనే ఉచిత ఉపకరణాల సంపుటిలోని ‘పీడీఎఫ్ ఇమేజెస్’ ఒక్కొక్క పుటలో ఏ పద్ధతి వాడారో జాబితాగా చూపుతుంది. జేబిగ్2 అని కనబడినంత మాత్రాన పాఠం తప్పని కాదు, అది నష్టరహిత విధానంలో చేసినదే కావచ్చు. అనుమానాస్పదమైన అక్షరాన్ని బాగా పెద్దది చేసి, అదే పుటలోని అదే అక్షరం మరో చోటుతో పోల్చాలి. సీసపు అచ్చులో సిరా పట్టడంలో సహజంగా ఉండే చిన్న తేడాలు కూడా లేకుండా రెండూ చుక్కకు చుక్క ఒకటే అయితే, అక్కడ నమూనా ప్రతిక్షేపణ జరిగిందని భావించవచ్చు.

ఇదే జాగ్రత్త పరిశోధకుడు తాను ఎక్కించే సిద్ధాంతగ్రంథానికీ వర్తిస్తుంది. 2009 నాటి యు.జి.సి. నిబంధనల తరువాత సిద్ధాంతగ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతులు శోధగంగలో చేరుతున్నాయి. పాఠభాగం డిఫ్లేట్‌తో చెక్కుచెదరకుండా ఉంటుంది. అనుబంధంలోని శాసనాల, తాళపత్రాల చిత్రాలే ఫైలును పెంచుతాయి. ‘సైజు తగ్గించు’ అన్న మీట నొక్కినప్పుడు తగ్గేవీ అవే. చిత్రాలను విడిగా, కుదించని రూపంలో విభాగ గ్రంథాలయంలో ఉంచి, ఆ సంగతిని అనుబంధం మొదట్లో రాయడం కొంత మేలు.

ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లోకి చేరిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పుస్తకాల విషయంలో మరొక మెలిక ఉంది. అక్కడ ఒకే పుస్తకం కింద పి.డి.ఎఫ్.తోపాటు జేపెగ్ 2000 పుటల మూట కూడా కనిపిస్తుంది. మూట పరిమాణం పెద్దది కాబట్టి అదే మూలానికి దగ్గరదని పరిశోధకులు అనుకోవడం కద్దు. ఈ పుస్తకాల్లో చాలావాటికి ఎక్కించినది పి.డి.ఎఫ్., దాని నుంచి ఆ తరువాత తీసినది పుటల మూట. టిఫ్ నుంచి పి.డి.ఎఫ్.కు, పి.డి.ఎఫ్. నుంచి జేపెగ్ 2000కు వచ్చిన మూడో తరం ప్రతి అది. పుస్తకం పుటలోని ఫైళ్ల పూర్తి జాబితా తెరిస్తే, అందులో ఒక్కొక్క ఫైలుకూ అది ఎక్కించిన మూలమా, దాని నుంచి ఉత్పన్నమైనదా అన్న గుర్తు ఉంటుంది. పాఠాన్ని ఉదాహరించేటప్పుడు మూలమని గుర్తు ఉన్న ఫైలునే చూసి, దాని పేరునూ, దించుకున్న తేదీనీ ముద్రణ వివరాల పక్కన చేర్చాలి.